పూత రాలాక రా

రెంటచింతల,
ఆదివారం.

అపర్ణకు,

నేను కులాసా. చీరాల గాలికి నీ ఆయాసం తగ్గిందా? ఫోన్లో మాట్లాడితే దగ్గు ఎక్కువవుతోందని కార్డు రాస్తున్నాను.

నిన్న మస్తాన్ మన వీధి గోడకు లేతపసుపు రంగు వేశాడు. తడి ఆరకముందే గాలి లేచి, వేపచెట్టు పూత, పుప్పొడి అంతా వచ్చి అంటుకుంది. "ఏంది బాబాయ్, గోడ పూసింది! ఇట్టాగే ఉంచేద్దామా?" అన్నాడు. నువ్వు కాపురానికి వచ్చిన ఏడు మనిద్దరం సున్నం కొడుతుంటే ఇలాగే పూలు అంటుకున్నాయి. నేను గీకబోతే నా చెయ్యి పట్టుకుని, "ఉండనియ్యండి, చానా బాగుంది" అన్నావు. అప్పుడు నీకు ఈ ఆయాసం లేదు. గోడను చాలాసేపు చూసి, అంతా గీకించి కడిగించాను. పూత పూర్తిగా రాలాకే మళ్ళీ రంగు.

పీల్చే మందు వేళకు వాడు. కందిపప్పు ఎండబెట్టమన్నావు, ఏ డబ్బాలో ఉంది? మీ అన్నయ్యకు, వదినకు నమస్కారాలు చెప్పు.

పూత రాలేదాకా బయల్దేరవద్దు. పెళ్ళయ్యాక నిన్ను రావద్దని రాయడం ఇదే మొదలు. చెయ్యి రావడం లేదు.

గోపాలకృష్ణ