ఎవరూ దిగని చోట విజిల్

జూన్ 3, సోమవారం

మళ్ళీ కల రాలేదు.

అక్కకి వచ్చింది. పొద్దున్నే కాఫీ కప్పు నా చేతిలో పెట్టి మరీ చెప్పింది. అమ్మ వచ్చిందట. వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూసి, ఒక్కటీ సరిగా సర్దలేదని కోప్పడిందట. అమ్మ పోయి ఏడాది దాటింది. అక్క కలలోకి వారం తప్పకుండా వస్తుంది. నా కలలోకి ఒక్కసారీ రాలేదు. చిన్నప్పుడు అమ్మ పక్కన పడుకునే వంతు కోసం ఇద్దరం జుట్లు పట్టుకునేవాళ్ళం. ఇప్పుడూ అదే తగువు, పైకి అనుకోమంతే. నాకు కుళ్ళుగా ఉంది. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది.

అసలు నా ఉద్యోగమే నవ్వులాట. నిద్ర క్లినిక్‌లో పరాయివాళ్ళ కలలకి కాపలా. పేషెంట్లు లేవగానే వచ్చిన కలని మా వెబ్‌సైట్‌లో టైప్ చేస్తారు. మళ్ళీ పడుకోబోయే ముందు అదే తెరిచి చదువుకుంటారు. చదివి చదివి భయం అరిగిపోతుందని మా డాక్టరమ్మ నమ్మకం. ఎవరి కల ఎవరు చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు, ఎవరు చెరపొచ్చు అన్న పర్మిషన్లన్నీ నా చేతిలో ఉంటాయి. ఊళ్ళో కలలకి తాళాలేస్తావు గానీ మనింటి తలుపు మాత్రం బార్లా తెరిచి పోతావేమే అంటుంది అక్క.

ఇవాళ డాక్టరమ్మ పిలిచి, పాపం నిద్రమత్తులో ఏదో రాసేస్తున్నారు, సబ్మిట్ నొక్కాక అక్షరం కూడా మార్చుకోలేకపోతున్నారు, వాళ్ళకి ఎడిట్ ఇచ్చెయ్యి అంది. ఇచ్చేశాను. అప్పటికే అందరూ భోజనాలకి లేచారు. నేనూ లేచాను.

జూన్ 5, బుధవారం

పొద్దున్నుంచీ ముసురు. కిటికీ కింద బస్సులన్నీ పట్టపగలే లైట్లు వేసుకుని వెళ్తున్నాయి. ఒకదాని కిటికీలో ఎవరో అచ్చం అమ్మలాగే తల ఆన్చుకుని కూర్చున్నారు. చూసేలోగా బస్సు మలుపు తిరిగింది.

జూన్ 11, మంగళవారం

ఒక బస్సు డ్రైవరుగారు మూడు నెలలుగా మా దగ్గరికి వస్తున్నాడు. భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. పాస్‌వర్డ్ మరిచిపోయి నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. కొత్తది ఇచ్చేలోగా తన కల మొత్తం చెప్పాడు. నేను అడగలేదు. పేషెంట్ల కలలు చూసే హక్కు నాకుంది గానీ చదవకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. చెప్పేవాళ్ళని ఆపే నియమం మాత్రం లేదు.

అసలు జరిగింది ఇది. ఓ వానరోజు ఎర్ర గొడుగు వేసుకున్న ఒకావిడ రోడ్డుకి అడ్డంగా వచ్చింది. ఆయన బ్రేక్ వేశాడు. వెంట్రుకవాసిలో తప్పింది. ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు మేడమ్, దానికే నాకు నిద్ర పట్టడం లేదు అన్నాడు సిగ్గుపడుతూ.

కలలో మాత్రం బ్రేక్ పడదు. బస్సు బయల్దేరుతుంది. ఒక స్టాపులో కండక్టర్ ఆపమని విజిల్ వేస్తాడు. ఎవరూ దిగరు. బస్సు మళ్ళీ కదులుతుంది. వాన మొదలవుతుంది. ఎర్ర గొడుగు కనిపిస్తుంది. కాలు నొక్కుతూనే ఉంటాడు. అక్కడ మెలకువ వస్తుంది. రోజూ అదే వరస.

డ్యూటీ నుంచి ఆపేశారట. డిపోలో షెడ్లు కడిగే పని ఇచ్చారు. ఒకటో తారీఖుకల్లా డాక్టరమ్మ సంతకం తీసుకెళ్ళకపోతే మరి స్టీరింగ్ పట్టనివ్వరు. వెళ్తూ వెళ్తూ, బస్సు తోలడం తప్ప నాకింకేం రాదు మేడమ్ అన్నాడు. ఇంటికొచ్చినా ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

జూన్ 20, గురువారం

డాక్టరమ్మ మొహం వెలిగిపోతోంది. డ్రైవరుగారు వరసగా రాత్రుళ్ళు నిద్రపోతున్నాడట. కలలో బస్సు ఆగుతోందట! ఎర్ర గొడుగావిడ ఎక్కి కూర్చుంటోందట. ఇన్నేళ్ళ పద్ధతికి ఇంత మంచి ఫలితం ఎప్పుడూ చూడలేదని, సంతకం చేసేస్తానని అంది. గదిలో అందరికీ కేకు ముక్కలు పంచింది.

డ్రైవరుగారు నా దగ్గరికొచ్చి మాత్రం ఒక మాట గొణిగాడు. మేడమ్, రాత్రి చదువుకునేటప్పుడు నేను రాసింది నాకే కొత్తగా ఉంటోంది, పైన రాసిన ముక్క కింద కనపడుతోంది, నిద్రమత్తేమో అన్నాడు.

నిద్రమత్తే అయ్యుంటుంది అన్నాను. అన్నానే గానీ కేకు ముక్క కాగితంలో చుట్టి పక్కన పెట్టేశాను.

జూన్ 21, శుక్రవారం

నిద్రమత్తు ఆయనది కాదు. నాది.

ఎడిట్ ఇచ్చినప్పుడు, ఎవరి కల వాళ్ళే అన్న షరతు పెట్టడం మరిచిపోయాను. ఒకే ఒక్క లైను. అది లేకపోవడంతో ఏ పేషెంటైనా ఏ కలనైనా చదవచ్చు, దిద్దొచ్చు. హోటల్లో అన్ని గదులకీ ఒకటే తాళంచెవి పంచినట్టు. పేజీ చివర పక్కకి వెళ్ళే బాణం గుర్తు ఉంటుంది. నొక్కితే పక్కవాళ్ళ కల తెరుచుకుంటుంది. ఇన్నాళ్ళూ అలా తెరుచుకుంటూనే ఉంది.

మార్పులు ఎవరు చేశారో చూశాను. ఒక్కరే. ఆవిడ సొంత పేజీలో రోజూ ఒకటే వాక్యం ఉంది. కల రాలేదు.

ఆ వాక్యం చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

జూన్ 22, శనివారం

ఆ షరతు పెట్టేశాను. ఇప్పుడు ఎవరి కల వాళ్ళదే.

దిద్దినావిడ వచ్చింది. క్లినిక్‌లో అందరూ పిన్నిగారని పిలిచే ఆవిడే. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయింది. సన్నగా, కళ్ళజోడు మెడలో వేలాడుతూ ఉంటుంది. ఇవి మీరు దిద్దారా అండీ అని అడిగాను. ఏ మాత్రం జంకకుండా, అవునమ్మా, ప్రతి కల పక్కనా పెన్సిల్ బొమ్మ కనిపించింది, ఈ పని కూడా మాదే కాబోలు అనుకున్నాను అంది. మొదట్లో అక్షరదోషాలే దిద్దిందట. తరవాత డ్రైవరుగారి కల దగ్గర ఆగిపోయిందట. ఎవరూ దిగని చోట విజిల్ ఎందుకమ్మా, అది అక్కడి వాక్యం కాదు, అక్షరాలు పేర్చే కంపోజింగులో ఎగిరిపడి ఉంటుంది, తీసి దాని చోట పెట్టాను అంది. గొడుగావిడ ఎదురైన చోట పెట్టింది. నేను ఒక్క ముక్క చేర్చలేదు తల్లీ, కావలిస్తే లెక్క చూసుకో అని రెండు చేతులూ చూపించింది.

ఇతరుల కలలు చదవడం తప్పు కదండీ అన్నాను. ఆ మాటకి మాత్రం ఆవిడ మొహం పాలిపోయింది. అవి నిజం కలలా, అభ్యాసం కోసం ఇచ్చిన పాఠాలనుకున్నానే అంది. నాకేమో కలలు రావు, ఇంతమందికి ఇన్ని వస్తాయని నాకేం తెలుసు అంది. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంది.

తిట్టడానికి వెళ్ళినదాన్ని మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

జూన్ 24, సోమవారం

డాక్టరమ్మకి చెప్పేశాను. తలుపు మూసి మరీ నిప్పులు చెరిగింది. ఇన్నాళ్ళ రికార్డంతా బూడిదలో పోశావంది. పేషెంట్లందరికీ తనే ఫోన్లు చేసి జరిగింది చెప్పి క్షమాపణ అడిగింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చేసింది. తల కొట్టేసినట్టయింది. శుక్రవారంతో అడ్మిన్ పర్మిషన్ నాకుండదు. పాత రికార్డులు చూసే హక్కు మాత్రం ఉంచుతుందట. అది న్యాయమే.

డ్రైవరుగారి సంతకం ఆగిపోయింది. ఎవరి చెయ్యీ పడకుండా ఆయన కల ఆయనే గట్టెక్కితే అప్పుడు చూద్దామంది. ఆయన డిపోకి వెళ్ళాల్సింది వచ్చే సోమవారమే.

జూన్ 26, బుధవారం

దిద్దింది పిన్నిగారని తెలిసి డ్రైవరుగారు కోప్పడతాడనుకున్నాను. నవ్వాడు. నాకు అంత శుద్ధంగా రాయడం రాదని అప్పుడే అనుకోవాల్సింది అన్నాడు. నవ్వుతూనే, రాత్రి మళ్ళీ బ్రేక్ పడలేదు మేడమ్ అన్నాడు.

మీ కల మీరే దిద్దుకోవచ్చు, ఆ హక్కు మీకిప్పటికీ ఉంది, విజిల్ కిందికి జరపండి అన్నాను. ప్రయత్నించాడట. తెర మీద అచ్చు పడ్డాక అది డిపో ఆర్డరులాగా కనిపిస్తుందట. చెయ్యి రాదట.

జూన్ 27, గురువారం

అందరూ వెళ్ళిపోయాక ఆయన పేజీ తెరిచాను. అడ్మిన్‌ని, రేపటి దాకా అన్ని తాళాలూ నావే. విజిల్ వాక్యం ముందు కర్సర్ పెట్టాను. అది కొట్టుకుంటూ ఉంది. కట్ చేసి కింద పేస్ట్ చేస్తే చాలు. రాత్రి చదువుకుంటాడు, నిద్రపోతాడు, సోమవారం సంతకం వస్తుంది. ఎవరికీ తెలియదు. నేను తుడిచేస్తే, ఎవరేం మార్చారో రాసుకునే లాగ్‌లో కూడా ఉండదు.

బయట సాయంత్రం పసుపుగా ఉంది. గదిలో కుర్చీలన్నీ ఎవరో లేచి వెళ్ళినట్టు తలా ఒక పక్కకి తిరిగి ఉన్నాయి. అన్ని పేజీల్లోనూ ఇంతమంది కలలు పడుకుని ఉన్నాయనిపించింది. చప్పుడు చెయ్యబుద్ధి కాలేదు.

సేవ్ చెయ్యకుండా మూసేశాను. మెట్లు దిగుతూ ఏడ్చాను. మంచిపని చేసినట్టేం లేదు, ఆయన్ని నడిరోడ్డు మీద వదిలేసినట్టే ఉంది.

జూన్ 28, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున డ్రైవరుగారు తన కలని కాగితం మీద ప్రింటు తీయించుకుని వెయిటింగ్ హాల్లోకి వచ్చాడు. నేరుగా పిన్నిగారి దగ్గరికి వెళ్ళి, తీసుకోండి పిన్నిగారూ, ఇది మీ పనే, నేనే ఇస్తున్నాను, ఇప్పుడు తప్పు లేదు కదా అన్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసింది. కాగితం మీదికి వంగింది. అంతలో ఆగిపోయింది.

పెన్ను తిప్పి ఆయన చేతిలో పెట్టింది. వాక్యం నీది నాయనా, నువ్వే జరుపు, ఎలా జరపాలో చెప్తాను అంది. జరపాల్సిన ముక్క చుట్టూ గుండ్రంగా గీత గియ్యాలట. అక్కడినుంచి ఒక గీత లాక్కుంటూ వెళ్ళి చేరవలసిన చోట ఆపాలట. అచ్చాఫీసులో అంతేనట, ఎవరూ ఏదీ చెరపరట.

అంత పెద్ద బస్సు తిప్పే చేతులు పెన్ను పట్టుకున్నాయి. విజిల్ చుట్టూ సున్నా చుట్టాడు. గీత లాగడం మొదలుపెట్టాడు. కదిలిన బస్సు మీంచి, వాన మీంచి, మెల్లగా, మలుపులో స్టీరింగ్ తిప్పినట్టు. గొడుగు దగ్గరికి వచ్చాక ఆపాడు. ఆయన కుడికాలు నేలని గట్టిగా నొక్కి పట్టి ఉంది. తరవాత వదిలాడు.

డాక్టరమ్మ తన గది గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆవిడ నా వైపు తిరిగి, సొంత కల దిద్దుకునే హక్కు పేషెంటుకి ఉందిగా అంది. ఉందండీ, ఆ షరతు పెట్టాను అన్నాను. అయితే వచ్చే సోమవారం కాదు, ఇంకో రెండు వారాలు గడువు నేనే డిపోకి రాస్తాను అని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం నా అడ్మిన్ తీసేశారు. తెర మీద బటన్లన్నీ బూడిదరంగుకి తిరిగాయి. ఊహించినంత బాధ లేదు.

జూలై 15, సోమవారం

సంతకం అయింది.

జూలై 24, బుధవారం

మధ్యాహ్నం కిటికీ కింద ఒక బస్సు ఊరికే హారన్ కొట్టింది. వంగి చూశాను. డ్రైవరు సీట్లోంచి భారీ చెయ్యి ఒకటి బయటికొచ్చి ఊగింది. పక్కనున్న పిన్నిగారు, ఎందుకమ్మా అంత మోత, ఒకటి చాలదా అని విసుక్కుంది. విసుక్కుంటూనే బస్సు మలుపు తిరిగేదాకా చూసింది.

ఆవిడకి ఇంకా కలలు రావు. నాకూ రావు. ఈ మధ్య ఇద్దరం కలిసి మధ్యాహ్నం టీ తాగుతున్నాం.

ఆగస్టు 2, శుక్రవారం

బస్సులో ఉన్నాను. వాన. ఎవరూ దిగని స్టాపులో విజిల్ వినిపించింది. ఎర్ర గొడుగు వేసుకుని ఒకావిడ ఎక్కింది. నా పక్కనే కూర్చుని గొడుగు ముడిచింది. అమ్మ. తడిసిన చెయ్యి నా కొంగుకి తుడుచుకుని, జరగవే, కిటికీ వైపు నేను కూర్చుంటాను అంది. జరిగాను.

కాఫీ ఇస్తూ అక్క అడిగింది, నీకేమైనా కల వచ్చిందా అని.

రాలేదన్నాను.