అన్న మోటరు కంటే కిందికి

ఏప్రిల్, శుక్రవారం రాత్రి

ఇవాళ బావిలో మా సబ్‌మెర్సిబుల్ మోటరు దింపించాను. బావి అన్నకూ నాకూ ఉమ్మడి. ఎండాకాలం నీళ్లు తగ్గితే, ఎవరి మోటరు కింద ఉంటే వాళ్లకే చివరి నీళ్లు. పోయిన ఏడు అన్న తన మోటరు కిందికి దించుకున్నాడు. నా భార్య బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడింది. అందుకే మెకానిక్ యాదయ్యతో, అన్న మోటరు కంటే కిందికి దించమన్నాను.

అన్న ప్రహరీ అవతల నుంచి చూసి నవ్వాడు.

"ఏందిరా, పాతాళం దాంక దించుతవా? నా మోటరుకు జానెడు కిందనే పూడికున్నది. బురద తాగి కాలిపోతది."

"నీ మోటరు సంగతి నువ్వు చూస్కో అన్నా."

"అన్నా అనకు. నీళ్లు దొంగిలెటోనికి అన్నెవడు?"

యాదయ్య తాడు పట్టుకుని ఆగాడు. నాకు ఒళ్లు మండింది. ఇంకా వదలమన్నాను.

సాయంత్రం స్విచ్ వేస్తే ట్యాంకులోకి ఎర్రటి బురద వచ్చింది. వెంటనే ఆపేశాను.

"రేపు యాదయ్యను పిలిచి జర పైకి గుంజించు. పంతానికి పోతే మనకే నష్టం" అంది నా భార్య.

నిజమే. కాని పైకి గుంజితే చివరి నీళ్లు మళ్లీ వాళ్లవే. పైగా పొద్దున్నే ఆ ప్రహరీ దగ్గరే అన్న పళ్లు తోముకుంటాడు, పైకి గుంజడం చూసి మళ్లీ నవ్వుతాడు...

ఇందాకటి నుంచి వాళ్ల మోటరు నడుస్తోంది. ట్యాంకు నిండి నీళ్లు మా గోడ మీదికి పొర్లుతున్నాయి. అన్న ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంది. మేలుకునే ఉన్నాడు, అయినా ఆపడం లేదు. నాకు చుక్క మిగలకుండా బావి తోడేస్తున్నాడు.