పదేండ్ల షేరూ

బాపూ,

నేను కాల్హేర్ గోదాముకు డ్యూటీకి పోతున్న. నువ్వు రాత్రి పాళీ దిగి వచ్చేసరికి వంటింట్ల బండల మీద పెద్ద తెల్ల కుక్క పండుకోని ఉంటది. భయపడకు, ఏమనదు. హస్కీ జాతి, పేరు షేరూ. దాని ఇంటోళ్లు ఊరు మారుతూ కుక్కల షెల్టర్ల ఇడిచి పోయిండ్రట. ముసలిదని ఏడాది నుంచి ఎవరూ తీస్కపోలే. నిన్న నువ్వు పాళీకి పోయినంక నేనే సంతకం పెట్టి తెచ్చిన.

ఫ్యాన్ బందు చెయ్యకు, అది ఉక్కకు ఆగదు. గిన్నెల పెరుగన్నం ఉంది, ఉప్పెయ్యలే. ఎండ తగ్గినంక వరాలా తలావ్ చెరువుగట్టు దాకా నడిపించు.

అడగకుంట తెచ్చినందుకు తిడుతవ్, తెలుసు. చిన్నప్పుడు నేను కుక్కపిల్లను తెస్తే, మనకే జాగ లేదని ఎక్కడనో ఇడిచిపెట్టి వచ్చినవ్. మూడు రోజులు ఏడ్సిన. నీకు యాదికుందో లేదో.

వారంల వద్దనుకుంటే వాపస్ ఇయ్యొచ్చన్నరు. నువ్వు వద్దంటే ఇచ్చేస్త. కానీ వారం చూసినంకనే చెప్పు.

ప్రాజక్త

అసలుది మర్చిన. షేరూకు చెవులు వినపడవు, పిలిస్తే లేవదు. వీపు మీద నెమ్మదిగ చెయ్యి పెట్టు. కార్ఖానల బట్ట నేసే సాంచల చప్పుడుకు నీ చెవులు మందమైనంక, నిన్ను గూడ నేను గట్లనే లేపుతున్న గదా.