అక్షయ తదియ నాటి పిడికెడు గింజలు

పట్టాముండై, శుక్రవారం

చి.సౌ. కుంతలకు నాన్న దీవెనలు. మేం కులాసా.

విత్తనం గురించి నువ్వు బెంగపడుతున్నావని సూరత్ నుంచి వచ్చిన నీ మరిది చెప్పాడు. బెంగ వద్దు. ఈ ఏడు వాన ఆలస్యమని, తొలి జల్లుకు విత్తవద్దని కటకం కాలేజీ పిల్లలు ముందే వచ్చి చెప్పారు. ఆ మాట విని ఎవరు ఆగుతారు, ఎవరు ఆగరు అన్నదే వాళ్ళ పరిశోధనట. తొలి జల్లు పడ్డాక వాళ్ళలో ఒకమ్మాయి ఇంటింటికీ వచ్చి, "విత్తావా తాతా?" అంది. అక్షయ తదియ నాడు శాస్త్రానికి పిడికెడు చల్లాను కదా, చల్లాక లేదనకూడదు. "విత్తాను" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని రాసుకుంది.

మీ అమ్మ వంటింట్లోంచి, "పిడికెడే తల్లీ! మిగతాదంతా గాదెలోనే ఉంది. మీ తాత నోట్లోంచి రెండో మాట రావాలంటే మేళతాళాలతో పిలవాలి" అంది.

ఆ పిల్ల తల పట్టుకుని, "అయ్యో, ఊరంతా నాకు విత్తామనే చెప్పారే!" అంటూ మళ్ళీ మొదటి ఇంటికి పరుగెత్తింది.

ఆ జల్లుకే పొలమంతా విత్తిన మీ పెదనాన్న మొలకలు ఎండిపోయాయి. మన గింజల్లో సగం ఇచ్చాను. "నీ బద్ధకం కూడా పనికొచ్చిందిరా" అన్నాడు. మొన్నటి నుంచి అసలు వాన పట్టుకుంది. కొంచెం పలచగానైనా ఇద్దరం విత్తేశాం.

అల్లుడి దగ్గు తగ్గిందా? బాబుకు పళ్ళు వచ్చాయా? అందరికీ ఆశీస్సులు. మీ అమ్మ గొడుగు గాలికి విరిగింది, ఎవరైనా వస్తుంటే ఒకటి పంపు. నాకు వద్దు. ఈ వానలో తడవడమే బాగుంది.

మీ నాన్న,
అరఖిత జెనా