పైడమ్మ దాచిన చోళ్ళు

గురువారం, మధురవాడ

మా అమ్మాయి శ్రావణి పరిశోధనకు అనుమతి వచ్చేసింది! వానలు తప్పినా పండే పాత చోళ్ళ, అంటే రాగుల, రకాలను వెతికి, పండించి చూస్తుందట నా బంగారుతల్లి! అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ మొదలు ఎదురైన వాళ్ళందరికీ చెప్పాను. కడుపు నిండిపోయింది.

సాయంత్రం ఫోన్ చేసి, "నాన్నా, సబ్బవరం ఇంట్లో అమ్మ బూడిద కలిపి దాసిన సోళ్ళ కుండ ఏదీ? ముందు మన ఇత్తనాలే ఏత్తాను," అంది.

"ఎతుకుతాను తల్లీ," అన్నాను. అబద్ధం.

పైడమ్మ కన్నుమూసిన ఏడాది, వేసవిలో ఆ చోళ్ళు కడిగి, పిండి పట్టించి, రోజూ అంబలి కాచుకున్నాను. తాగుతుంటే నా భార్య ఇంకా వండిపెడుతున్నట్టే ఉండేది. రైతును, విత్తనం తినకూడదని నాకు తెలియదా? తెలుసు. అయినా ఆఖరి గింజ దాకా తాగేశాను. బిడ్డకు ఈ మాట ఎలా చెప్పను...

పైడమ్మ ఏటా చుట్టాల ఆడవాళ్ళకు దోసెడు విత్తనం పంచేది. ఎవరింట్లోనైనా మిగిలుందేమో. శ్రావణి కబురు చెప్పి, అదీ అడగాలి.

చోడవరం అక్క.
ఉక్కునగరం క్వార్టర్సులో ఉన్న మరదలు.
భీమిలి మేనకోడలు.
ఆనందపురం పెద్ద వదిన. ఆ వేసవిలో అంబలి సంగతి చెబితే, "ఇత్తనాలు తాగేత్తన్నావా మరిదీ!" అని ఏడ్చింది ఆవిడే. ఎవరైనా దాచి ఉంచితే ఆవిడే ఉంచుతుంది.