సన్మాన సభలో చదివింపులు

పవర్ హౌస్, భిలాయి,
15 ఫిబ్రవరి 1982, సోమవారం.

ప్రియమైన కమలక్కకు, గౌరవనీయులైన బావగారికి,

ఛాయ నమస్కరించి రాయునది. ఈ కాగితం పైన ఎడమ పక్కనున్న సిలువ అమ్మ గీసింది. కుడి పక్కనున్న 'శ్రీరామ' నాన్న రాశారు. ఇద్దరికీ మధ్య మిగిలిన జాగాలో నేను రాస్తున్నాను గనక మా క్షేమం రెండు వైపుల నుంచీ అందినట్టే అనుకోండి. అమ్మ మోకాలు అలాగే ఉంది. నాన్నకి యార్డులో ఇంకా నైట్ డ్యూటీలే. చంటాడికి పిన్ని ముద్దులు.

నీ ఉత్తరం గురువారం అందింది. వైజాగ్ పాసింజరుకి రిజర్వేషన్ చేయించుకున్నావా, మార్చి ఒకటో తారీఖుకి షిప్పింగ్ ఆఫీసు ఉద్యోగంలో చేరాలని బావగారి ఆఫీసరు మళ్ళీ గుర్తు చేశారు అని రాశావు. ఆ సంగతికి వస్తాను. నిన్న ఇక్కడ జరిగింది ముందు చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు. రాత్రంతా అమ్మకి చెప్పిందే చెప్పి, ఆవిడ కూడా అక్కడే ఉండి చూసిందని మధ్యలో గుర్తొచ్చి ఊరుకున్నాను.

సిస్టర్ల బడి నీకు గుర్తుందిగా, చర్చి వెనక రేకుల షెడ్డు. ఇప్పటికీ అదే షెడ్డు, ఇప్పటికీ ఐదో తరగతి వరకే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో ఠేకేదార్ల కింద కాంట్రాక్టు పని చేసుకునే వాళ్ళ పిల్లలే అందులో దాదాపు అందరూ. సెక్టార్లలో బళ్ళు ప్లాంటు ఉద్యోగుల పిల్లలవి. ఇంగ్లీషు కాన్వెంట్లు ఫీజు కట్టగలవాళ్ళవి. కూలీల క్యాంపులో ఉండే ఈ పిల్లలకి ఈ షెడ్డే దిక్కు. మగపిల్లాడైతే ఐదు అయ్యాక సైకిలెక్కి సుపేలా దాటి పెద్ద బడికి పోతాడు. ఆడపిల్లని ఎవరు పంపుతారు? తల్లి వెనక రేజా కూలిపనికి, నెత్తిన తట్టతో బయలుదేరుతుంది. ఈసారి ఐదో తరగతి నిండా ఆడపిల్లలే. అందులో రత్నమని ఒకతి ఉంది. డిగ్రీ చేసి ఇంట్లో ఊరికే కూచుని తన ప్రాణం తోడేస్తున్నానని అమ్మ నన్ను సాయంత్రాలు ఆ బడికి అప్పగించింది గదా, ఆ రత్నం నా హిందీ తప్పులు నాకే దిద్దుతుంది. దాని తట్టని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

జూలైలో ఆరో తరగతి పెట్టుకోవచ్చు గానీ మార్చి నెలాఖరుకి పక్కా గది ఒకటి, డిగ్రీ చదివిన టీచరు ఒకరు ఉండాలని విద్యాశాఖ వాళ్ళు చెప్పారు. ఏది లేకపోయినా ఈ ఏటికి ఆశ వదులుకోవాల్సిందే. టీచరు కోసం బడి నడిపే మదర్ రాయపూర్ దాకా ఉత్తరాలు రాస్తూనే ఉంది. గది మాత్రం ఠేకేదారు భుజంగరావు గారు కట్టిస్తానన్నారు. మనం చూస్తుండగా సైకిలు మీద తిరిగిన మనిషే, ఇప్పుడు జీపు. అందుకని లూర్దు మాత పండగ వెనకొచ్చే ఆదివారం నాడు బడికి సాయం చేసినవాళ్ళకి సన్మానం పెడదామని మదర్ అంది. ఆ ఏర్పాట్లు నాకు ఒప్పజెప్పింది.

నాకు పని దొరికితే ఎలా ఉంటానో నీకు తెలుసు. సుపేలాలో శాలువాలు బేరమాడాను, షామియానావాడితో దెబ్బలాడాను. చివరికి ఎవరెవరికి సన్మానం అని మదర్ని అడిగితే భుజంగరావు గారు, ఇంకో ఇద్దరు షాపుల వాళ్ళు అంది. మరి బియ్యం వాళ్ళో అన్నాను.

బియ్యం సంగతి నువ్వు వెళ్ళాక మొదలైంది. క్యాంపులో ఆడవాళ్ళు అన్నానికి ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం వెనక్కి తీసి వేరే ముంతలో వేస్తారు. శనివారం సాయంత్రం అప్పలనరసమ్మ డాల్డా డబ్బా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలు వంపుకుని బడికి తెస్తుంది. మధ్యాహ్నం పిల్లలు తినేదీ, టీచర్లు జీతంతో పాటు ఇంటికి పట్టుకెళ్ళేదీ ఆ బియ్యమే. సిలువ ఉన్న ఇల్లా, పైడితల్లి పటం ఉన్న ఇల్లా అని చూడరు. అప్పలనరసమ్మే పైడితల్లి భక్తురాలు. పగలు భుజంగరావు గారి సైటు మీద రేజా పని. రత్నం ఆవిడ మనవరాలు.

నిజమే, బియ్యం లేకపోతే గదిలో కూర్చునేది ఎవరు అంది మదర్. అప్పలనరసమ్మకీ, ఆవిడతో తిరిగే మరో నలుగురికీ శాలువాలు తెప్పించింది. వేదిక మీద భుజంగరావు గారి వరసలోనే కుర్చీలు వేయమంది.

ఆ కబురు భుజంగరావు గారికి ఎవరు చేరవేశారో గానీ శనివారం ఆయన మనిషి వచ్చాడు. తన సైటు మీద తట్ట మోసేవాళ్ళ పక్కన తను కూర్చుంటే సోమవారం పని ఎవరు చెప్తారు, ఎవరు వింటారు, కావాలంటే వాళ్ళకి కింద లడ్డూలు పంచండి అని ఆయన మాట. మదర్ నా ముఖం చూసింది. గది పోతుందమ్మా అని నెమ్మదిగా అంది. అయినా కుర్చీలు తీయమని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. మదర్ చాపెల్లోకి వెళ్ళిపోయింది, నేను కుర్చీలు తుడిచాను.

నిన్న పొద్దున పూజ అయ్యాక జనం ఇసకేస్తే రాలనట్టు వచ్చారు. పనికెళ్ళని ఆదివారం, పైగా లడ్డూలు. చర్చి ఆవరణలో ఎన్నడూ అడుగు పెట్టని మన నాన్న కూడా నైట్ డ్యూటీ దిగి, గేటు లోపల కాదు, వెలుపల కాదు, సరిగ్గా గేటు మీదే నిలబడ్డారు. అప్పలనరసమ్మ కుర్చీలో కూర్చోనంటే కూర్చోనని దాని పక్కన నేల మీద కూలబడింది. భుజంగరావు గారు తెల్లబట్టల్లో వచ్చి, వేదిక ఎక్కి, ఆ వరసంతా ఒకసారి చూసి, వేరే పనుందని మదర్‌కి చెయ్యి జోడించి దిగిపోయారు. మొదటి వరసలో రత్నం చేతిలో పువ్వులు పట్టుకుని ఆయనకి దారిచ్చింది. అక్కా, ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. గది వెళ్ళిపోతోందని దానికీ తెలుసు.

మదర్ పాలిపోయింది గానీ సభ ఆపలేదు. మైకు దగ్గర మన పరంధామయ్య తాతగారున్నారు. రైల్వే గార్డుగా రిటైరయ్యాక ఇక్కడి తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ చదివింపులు చదివేది ఆయనే గదా. నీ పెళ్ళిలో మనం కొనుక్కున్న గ్లాసులు కూడా ఎవరో ఇచ్చారని చదివేశారు. గట్టి గొంతు గనక మైకు ఆయనకిద్దామన్నది నేనే. ఆయనకి వచ్చిన రాగం ఒకటేనని నాకు తోచలేదు.

ఎవరు ఏం సాయం చేశారో చదవండి అని మదర్ హిందీలో చెప్పింది. తాతగారు గొంతు సవరించుకుని, పెళ్ళి పందిట్లో ఎత్తుకున్నట్టే ఎత్తుకున్నారు. పాలకొండ తాలూకా కాపురస్తురాలు, శ్రీమతి అప్పలనరసమ్మ గారు, లూర్దు మాత వారి బడికి, పిడికెడు బియ్యం. ఆ 'బియ్యం' దగ్గర ఆయన సాగదీస్తారు చూడు, అలా సాగదీశారు. తరవాతి పేరు, తరవాతి పేరు.

ఇన్నేళ్ళుగా ఆ గొంతు వినపడితే మనవాళ్ళు ఏం చేస్తారు? లేస్తారు. జేబులు తడుముకుంటారు, కొంగు ముడులు విప్పుతారు, వరసలో నిలబడతారు. నిన్నా అదే చేశారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. వెనక వరసల్లోంచి జనం వేదిక వైపు కదిలారు. మదర్ హడలిపోయి, లడ్డూల మీద పడుతున్నారా అని నన్ను అడిగింది. కాదు మదర్, చదివింపులు అన్నాను. అంటే ఏమిటంది. కేరళ ఆవిడకి, అదీ హిందీలో, అదీ ఆ గోలలో, చదివింపులంటే ఏమిటని చెప్పను?

అందరికంటే ముందు హథ్‌ఖోజ్‌లో వెల్డింగ్ షాపున్న గోపాలం వేదిక ఎక్కాడు. చేతిలో ఏమీ లేకుండా వరసలో నిలబడ్డందుకు సిగ్గుపడి, తాతగారి చెవిలో ఏదో చెప్పాడు. తాతగారు ఎత్తుకున్నారు: గోపాలం గారు, బడి గదికి, కిటికీల ఊచలు. అంతే అక్కా, గట్టు తెగింది. ఒక మేస్త్రీ తన ఆదివారాలు చదివించాడు. ఇంకో మేస్త్రీ, నా ఆదివారాలేం తక్కువా అన్నట్టు, తనవీ చదివించాడు. ఇటుకల బట్టీలో పనిచేసే ఆలుమగలు, యజమానిని అడిగి ముక్కలు కాని ఇటుకలు తెస్తామన్నారు. రేజాలు కొందరు కలిసి పునాది తవ్వి మట్టి మోస్తామంటే, వాళ్ళందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా చదివించందే దిగేది లేదన్నారు. గేటు మీద నిలబడ్డ నాన్న ఎప్పుడు లోపలికొచ్చారో నేను చూడలేదు. ఊళ్ళో కట్టుకోబోయే ఇంటికని వరండాలో గోనె కప్పి దాచిన టేకు తలుపు నీకు తెలుసుగా, మనల్ని దాని మీద కూర్చోనిచ్చేవారు కాదు. అది చదివించారు. అమ్మ ఏడ్చింది. ఆ తలుపు కోసమో, నాన్న అక్కడ నిలబడినందుకో అడిగినా చెప్పలేదు.

ఇంతకీ భుజంగరావు గారు వెళ్ళలేదు. జీపులో ఎక్కి కూర్చున్నారే గానీ జీపు కదల్లేదు. ఆ గొంతు అలా పేర్లు చదువుతూ ఉంటే, తన పేరు పడకుండా వెళ్ళడం తెలుగువాడికి చేతవుతుందా? పెళ్ళి భోజనం మానేసి వెళ్ళేవాళ్ళని చూశాను గానీ, చదివింపుల మధ్యలో వెళ్ళినవాళ్ళని నేను చూడలేదు. పైగా చదివిస్తున్నది ఆయన మేస్త్రీలు, ఆయన రేజాలు. చివరికి దిగి వచ్చి నేరుగా మైకు దగ్గరికి పోబోయారు. తాతగారు మైకు చేత్తో మూయడం మరిచిపోయి, ఆవరణంతా వినపడేలా అన్నారు.

"లైన్లో రండి బాబూ. వెనకాల బోల్డుమంది ఉన్నారు."

అక్కా, ఆయన లైన్లో నిలబడ్డారు. ముందు ఒక రేజా, వెనక ఒక రేజా. తన వంతు వచ్చాక పైకప్పు రేకులు, సిమెంటు అన్నారు. తాతగారు అందరికీ చదివినట్టే, అంతే పొడవు రాగంలో చదివారు. అప్పలనరసమ్మ నేల మీంచి లేచి, తనకి కప్పిన శాలువా దులుపుకుని, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"బావూ, రేపు సైటు మీద మాకు పని సెప్పొచ్చు మీరు. మేం ఇంటాం. ఆదోరం ఇక్కడ మాత్తరం మేం సెప్తాం, మీరు ఇనాల."

అందరూ నవ్వారు. ఆయన కూడా, ముందు మొహం గంటు పెట్టుకుని, తరవాత తప్పక, నవ్వారు. మదర్ ఆయనకీ శాలువా కప్పింది. ఎనిమిదోవాడిగా, వరసలో చివర.

ఇవాళ పొద్దున పనికెళ్ళే ముందు రేజాలు వచ్చి ముగ్గు పోసి కొలతలు వేసి వెళ్ళారు. రత్నం ఆ ముగ్గు లోపల నిలబడి, బల్ల ఇక్కడ, బోర్డు ఇక్కడ అని చూపిస్తోంది. ప్లాంటు ఎర్రధూళి ఈ ఊళ్ళో ఆరేసిన బట్టల మీద పడుతుందని నేను నీకు రాయని ఉత్తరం లేదు గదా. ఇవాళ ఆ ముగ్గు మీద పడుతుంటే ఊదుకుంటూ కూర్చున్నాను. చూసి అమ్మ నవ్వుతోంది.

చెయ్యి నొప్పెడుతోంది, ఉంటాను. బావగారికి నా నమస్కారాలు మళ్ళీ ఒకసారి, ఈసారి కాస్త ఎక్కువ వినయంగా. చంటాడి కొత్త ఫోటో పంపు.

ఇట్లు,
నీ చెల్లెలు,
ఛాయ.

తాజా కలం: రిజర్వేషన్ చేయించుకోలేదు. ఇంత రాసి ఈ ఒక్క ముక్కా రాయలేక సంతకం పెట్టేశాను.

భుజంగరావు గారి తరవాత చదివింపులు అయిపోయాయనుకున్నాం. గది వచ్చిందని అందరూ సంబరపడుతుంటే మదర్ మాత్రం నా పక్కన, టీచరు లేని గది ఎందుకని తనలో తాను అనుకుంటోంది. ఆ మాట అప్పలనరసమ్మకి అర్థమైందో లేదో నాకు తెలియదు. నా దగ్గరికొచ్చి ఒకటే అడిగింది.

"మరి నువ్వేటి సదివిత్తన్నావు, సాయమ్మా?"

నేను అప్పటికే వరసలో నిలబడి ఉన్నానక్కా. ఎప్పుడు నిలబడ్డానో నిజంగా తెలియదు. ఆఖరున తాతగారు చదివిన పేరు నాది. సత్యారావు గారి రెండో అమ్మాయి ఛాయ, బి.ఎ., ఆరో తరగతికి, రెండేళ్ళు. నాన్న తిరిగి నన్ను చూశారు. అమ్మకి ముందే తెలుసన్నట్టు ఉంది.

ఈ ఊరు వదిలిపోవాలని నీ ప్రాణం తీసి ఆ ఉద్యోగం వెతికించుకున్నది నేనే. బావగారు ఎవరెవరిని బతిమాలారో తెలుసు. నిన్న ఉత్సాహంలో ఉన్నాను, ఇవాళ భయంగా ఉంది, అయినా ఉత్సాహం తగ్గలేదు. నువ్వు తిట్టు, పడతాను. రమ్మని మాత్రం రాయకు. మైకులో చదివాక వెనక్కి తీసుకున్న మనిషి మనవాళ్ళలో ఇంతవరకు లేడు, ఆ మొదటి మనిషిని నేను కాలేను. బావగారికి నువ్వే ఎలాగో చెప్పు.