ఆ రోజు లేదన్నాను

డన్‌మోర్ హిల్, విక్టోరియా
2019 సెప్టెంబరు 8

చిట్టి తమ్ముడు డెస్‌కి,

కవరు మీద నా చేతిరాత చూడగానే పొయ్యిలో పడేస్తావని తెలుసు. ఇరవై మూడేళ్ళుగా అదే చేస్తున్నావు. ఈ ఒక్కటీ చదివి పడెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

టెరెన్స్ పోయాడు. బళ్ళో నీ పక్కన కూర్చునేవాడే, ఎప్పుడూ ముక్కు కారుతూ. తన ప్రాణం తనే తీసుకున్నాడు. అంత్యక్రియల నుంచి వచ్చి మీ క్లాసు ఫోటో బయటికి తీశాను. ముప్పై ఒక్కమంది. అందులో ఇలా పోయినవాళ్ళు టెరెన్స్‌తో తొమ్మిదిమంది. ఒక్కొక్క మొహం మీదుగా వేలు జరుపుకుంటూ వచ్చి నీ దగ్గర ఆగాను. ముందు వరసలో ఉన్నావు, ఒక మేజోడు జారిపోయి. బతికే ఉన్నావా రా?

ఊళ్ళో సంగతులు నీదాకా వస్తున్నాయో లేదో. బడి కంచెకీ చర్చి కంచెకీ జనం రిబ్బన్లు కడుతున్నారు, ఆ గోడల లోపల పాడు చేతుల్లో పడ్డ పిల్లల కోసం. కట్టేటప్పుడు ఎవరూ కనిపించరు. పొద్దున చూస్తే నాలుగు ఎక్కువ ఉంటాయి. ఇప్పుడు చర్చిలో గదుల తలుపులన్నిటికీ లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించేలా అద్దాలు పెట్టించారు. పూలు సర్దే ముసలాళ్ళం కూడా మా మీద కేసులేమీ లేవని పోలీసుల దగ్గర కాగితం తెచ్చుకోవాలి. "మన మీద వాళ్ళకేం దొరుకుతుందే, కేకు మాడబెట్టామని తప్ప?" అంది ఐలీన్. అందరం పడీపడీ నవ్వాం. నేనూ నవ్వాను డెస్, సిగ్గు లేకుండా.

చర్చికి నూట యాభై ఏళ్ళ పండగట. బిషప్ గారు వచ్చేలోగా ఆ రిబ్బన్లు తీసెయ్యమని సంఘం పెద్దలు మా పూల జట్టుకి పురమాయించారు. నిన్న గులాబీలు కత్తిరించే కత్తెర పట్టుకుని వెళ్ళాను. వెలిసిపోయిన వాటిని మాత్రమే తీస్తున్నాం కదా అని నాకు నేను చెప్పుకుంటూ అన్నీ కోసుకుంటూ పోయాను. రెండు సంచులు నిండాయి. మూడో సంచి విప్పుతుంటే ఒక అమ్మాయి వచ్చి నిలబడింది.

"ఎందుకండీ కోస్తున్నారు?"

"పండగ కదమ్మా, శుభ్రంగా ఉండాలి. కావాలంటే మళ్ళీ కట్టుకోవచ్చులే."

"ఆ పసుపుది మా నాన్న కట్టాడు. ఆయనొచ్చి మళ్ళీ కడతాడా?"

టెరెన్స్ కూతురు. అంత్యక్రియల్లో చూశాను కదా, గుర్తుపట్టలేదు. సంచులు కారులో పడేసుకుని ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడి ఏడ్చాను. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. నీకు తొమ్మిదేళ్ళు, నాకు పన్నెండు. గురువారం. నువ్వు ఫాదర్ క్విల్టీ బంగళా నుంచి పరుగెత్తుకొచ్చి మన కోళ్ళ గూటి వెనక దాక్కున్నావు. గుడ్ల కోసం వచ్చి నిన్ను చూశాను. ఆయన ఏం చేస్తున్నాడో నువ్వు నాకు చెప్పావు. నీకు తెలిసిన మాటల్లో చెప్పావు, అవి చాలా తక్కువ మాటలు. నేను వెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ నా చెంప పగలగొట్టింది. తర్వాత చేతులు కడుక్కుని, ఆదివారం కోసం చేసిన స్పాంజి కేకు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. "ఫాదర్‌కి ఇచ్చి, వీడు పారిపోయి వచ్చినందుకు క్షమాపణ చెప్పించు. అక్కడే వదిలిరా," అంది. ఫాదర్ నొచ్చుకుంటే కేకు పంపడమే మన ఇళ్ళలో తెలిసిన మర్యాద. నేను నీ చెయ్యి పట్టుకుని ఆ కొండ ఎక్కాను. గంట కొట్టాను. కేకునీ నిన్నూ కలిపి ఆయనకి అప్పగించాను. ఆయన నాకొక చాక్లెట్ ఇచ్చాడు. దారిలో తినేశాను.

పెద్దయ్యాక నువ్వు చర్చి మీద దావా వేశావు. చర్చి తరఫు లాయరు టీ తాగుతూ నన్ను అడిగాడు, చిన్నప్పుడు మీ తమ్ముడు మీకెప్పుడైనా చెప్పాడా అని. పక్క గదిలో అమ్మ జపమాల తిప్పుతోంది, ఆ పూసల చప్పుడు ఆగిపోయింది. నేను లేదన్నాను. అప్పట్లో ఎవరికీ చెప్పలేదు గనక ఇదంతా నీ కల్పన అని తేల్చారు. ఒక్క మాటతో నిన్ను అబద్ధాలకోరుని చేశాను. అమ్మ పోయి పదహారేళ్ళయింది. ఇంకా ఎవరికి భయపడుతున్నానో నాకే తెలియదు.

చట్టం మారింది, పాత కేసులు మళ్ళీ తెరవచ్చట. నేను నిజం చెబుతాను. జవాబు రాయి డెస్, ఒక్క ముక్క.

నీ అక్క,
కార్మెల్

*

సెప్టెంబరు 22

డెస్,

జవాబు లేదు. ఫోను చేస్తే ఆ నంబరే లేదంటోంది.

ఆ రెండు సంచుల రిబ్బన్లూ పండగ నాడు పొద్దున్నే మళ్ళీ కట్టేశాను. పూజ అయ్యేవరకు ఒక్కదాన్నే కడుతూనే ఉన్నాను. బిషప్ గారు చూసి తల దించుకుని లోపలికి వెళ్ళారు. ఐలీన్ మాత్రం నా మీదికి వచ్చింది.

"నీకేమైనా మతి పోయిందా కార్మెల్? ఇంత తిని, ఇంత పెరిగి, సొంత చర్చి పరువు రోడ్డున పడేస్తావా? మీ అమ్మ ఉంటే నీ మొహం చూసేది కాదు."

"మా అమ్మ నా మొహం చూడాలనే కదే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను," అన్నాను. నలభై ఏళ్ళ స్నేహం. వెనక్కి తిరిగి మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది. పూల జట్టులోంచి నా పేరు కొట్టేశారు.

మెల్‌బోర్న్ వెళ్ళి ఒక లాయరమ్మని కలిశాను. అంతా రాసుకుంది. చివర్న పెన్ను పక్కన పెట్టి, "మీ తమ్ముడు ముందుకొస్తేనే ఇది కేసవుతుందండీ. ఆయన లేకుండా ఇది మీ బాధ, అంతే," అంది. రైల్లో వస్తున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో మోగింది. నువ్వు రావాలి. నన్ను తిట్టడానికైనా రా. నాకు వంట చేసుకోబుద్ధి కావడం లేదు, పడుకుంటే నిద్ర పట్టడం లేదు. పోస్టు బండి చప్పుడు వింటే చాలు, గేటు దాకా పరుగెత్తుతున్నాను.

కార్మెల్

*

అక్టోబరు 3

డెస్,

సిగ్గు విడిచి మీ టాస్మేనియాలో పోలీసులకి ఫోను చేశాను. కానిస్టేబులు కుర్రాడు మంచివాడు, నీ గుడిసె దాకా వెళ్ళి చూసొచ్చాడు. తాళం వేసుందట. నువ్వు పనిచేసే పడవ యజమాని, "రెండు వారాలు దాటింది కనపడక. ఎక్కడికి పోతున్నాడో చెప్పలేదు," అన్నాడట. నీళ్ళలో వెతకమంటారా అని ఆ కుర్రాడు నన్నడిగాడు. ఆ నిర్ణయం నాదే అన్నట్టు అడిగాడు. వెతకమని నా నోటితో చెప్పాను.

ఈ ఉత్తరం తాళం వేసిన తలుపుకి రాస్తున్నాను. నువ్వు లేకపోతే నేను చెప్పే నిజం ఎవరికి కావాలి? నేను ఆలస్యం చేశాను. నిన్ను చంపింది నేనే అనుకుంటూ బతకలేను డెస్. బతకడం నాకు చేతకావడం లేదు.

అక్క

*

మెల్‌బోర్న్
అక్టోబరు 14

కార్మెల్ అక్కకి,

నీళ్ళలో వెతకడం ఆపించు. నేను ఇక్కడున్నాను. పోలీసులకి నేనూ ఫోను చేశాను, ఆ కుర్రాడు నన్ను బూతులు తిట్టాడు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నేను టెరెన్స్ దారిలోనే ఉన్నాను. నీతో అబద్ధం ఆడను. అన్నీ సర్దేసుకున్నాను. పొయ్యిలో వెయ్యబోయి, ఆఖరిది కదా అని చించి చదివాను. చదివాక ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే రెండు రోజులు గోడలు గుద్దాను, ఆ మంటతోనే ఓడెక్కాను. నీ మీద ప్రేమతో వచ్చానని మురిసిపోకు. ముందు ఇక్కడే ఉంటున్న టెరెన్స్ కూతురి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ నాన్న ఎలా ఉండేవాడో చెప్పమంటే రోజూ కూర్చుని చెబుతున్నాను. అందుకే ఇంత ఆలస్యమైంది. నేను ఫోను చేశాక నీ మిగతా ఉత్తరాలు పడవ యజమాని ఇక్కడికి పంపాడు.

ఇప్పుడు విను. ఆ గురువారం నీకు సగమే గుర్తుంది. నన్ను వదిలేసి వెళ్ళిపోయావు, నిజమే. మళ్ళీ వచ్చావు. గంట కొట్టి, అమ్మ ఖాళీ కేకు డబ్బా తెమ్మందన్నావు. ఇచ్చి పంపించాడు. మళ్ళీ వచ్చి, దాని మూత లేదన్నావు. మూత నీ చేతిలోనే ఉంది. ఆయన కసిరాడు. మూడోసారి గంట మీద వేలు తియ్యకుండా నిలబడ్డావు. చివరికి ఆయన విసుగెత్తి నన్ను నీతో పంపేశాడు. ఆ రోజు నన్ను ముట్టుకోలేదక్కా. నా చిన్నతనంలో నాకోసం ఎవరైనా ఏదైనా చేశారంటే అది ఆ గంట. దాన్ని పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను. ఆ పన్నెండేళ్ళ పిల్లని తిట్టడం ఇవాళే ఆపెయ్. నా అక్క అది, దాని జోలికి రావద్దు.

కానీ టీ తాగుతూ లేదన్నప్పుడు నీకు ముప్పై ఏడేళ్ళు. నిన్ను కొట్టేవాళ్ళెవరూ లేరు. ఆ కార్మెల్‌ని క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా తెలియదు. ఉత్తరాల్లో ఎంత ఏడ్చినా అది మాసిపోదు.

నీ లాయరమ్మని నిన్న కలిశాను. కేసు తెరుస్తున్నాం. వచ్చే గురువారం పదింటికి ఆవిడ అదే ప్రశ్న నిన్ను మళ్ళీ అడుగుతుంది. నేను ఎదురు కుర్చీలో కూర్చుంటాను. ఆవిడ వైపు కాదు, నా మొహంలోకి చూసి జవాబు చెప్పు. ఆ తర్వాత మాట్లాడుకుందాం, మాట్లాడగలిగితే.

డెస్